కట్టకు అవతలి చిరునామా

మా అన్నయ్య పోయిన వార్త పేపర్లో పడిన రోజు మా కాఫీ కొట్టు కిటకిటలాడిపోయింది. ఫోటో కూడా వేశారు. నల్ల గౌను, మెడ దగ్గర తెల్ల పట్టీలు, వయసులో ఉన్నప్పటి మొహం. దాని కింద ‘రెండు దేశాల చట్టసభల్లో సేవ చేసిన న్యాయవాది క్వెక్ తియాంగ్ చూన్ ఇక లేరు’ అని పెద్ద అక్షరాలు. పక్క వీధి మంగలి పుయ్ ఆ పేపరు గాలిలో ఊపుకుంటూ లోపలికొచ్చాడు.

“గెక్ ఎంగ్ అక్కా, మీ అన్న మామూలోడు కాదు సుమా! అటు సింగపూర్ అసెంబ్లీ, ఇటు మన పార్లమెంటు. రెండుచోట్లా కూర్చున్నాడంటే మాటలా?”

“కూర్చున్నాడు. ఎవరు కాదన్నారు? లేచి నిలబడాల్సినప్పుడు కూడా కూర్చునే ఉన్నాడు. కాఫీ చల్లారిపోతోంది, తాగు ముందు.”

నా నోటి సంగతి తెలిసినవాడు కాబట్టి పుయ్ గ్లాసు అందుకున్నాడు. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలే చెప్పాలని నాకూ తెలుసు. కానీ ఆయన పేరు చెప్పి ఎవరైనా మా కుటుంబాన్ని మెచ్చుకుంటే ఈ తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు. మెచ్చుకునేవాళ్ళకు అసలు సంగతి తెలియదు. తెలిసినవాళ్ళు మా కొట్టుకు రావడం ఏనాడో మానేశారు.

అన్నయ్య పుట్టింది ఇక్కడే, సింగపూరుకు ఎదురొడ్డున మలేసియా వైపున్న జొహోర్ బారులో, ఈ కొట్టు పై గదిలో. పుట్టిన నెలకే జ్వరం పట్టుకుంది. తాగిన పాలు తాగినట్టే కక్కేవాడట. గుళ్ళో పూనకం వచ్చే ముసలాయన చూసి, “వీడి జాతకం తండ్రి జాతకాన్ని గుద్దుతోంది. ఈ ఇంటి కొడుకుగా ఉంటే దక్కడు” అని తేల్చి చెప్పాడు. అలాంటి బిడ్డను చైనా నుంచి వలసొచ్చిన మా తియోచూ వాళ్ళు ఇంకో తల్లికి మొక్కుకొడుకుగా ఇచ్చేస్తారు. బిడ్డ కన్నవాళ్ళ దగ్గరే పెరుగుతాడు. కాకపోతే ‘అమ్మా’ అని పిలిచేది ఆ రెండో తల్లిని. కన్నతల్లి పిన్ని అవుతుంది, కన్నతండ్రి బాబాయి అవుతాడు. మా నాన్న చచ్చేదాకా సొంత కొడుకు నోట బాబాయి అనే పిలిపించుకున్నాడు పాపం.

అన్నయ్యకు అలా దొరికిన తల్లి స్వీ హియాంగ్. మా కొట్టుకు రెండు గడపల అవతల సోయా జున్ను చేసి అమ్మేది. మొగుడు పడవల మీద బస్తాలు మోసేవాడు, ఒకరోజు పనికి పోయి మళ్ళీ రాలేదు. అన్నయ్యను చేతుల్లో పెట్టేనాటికి ఆవిడ ఒళ్ళో సొంత కొడుకు లెంగ్ హువాట్ అప్పుడే పుట్టిన పసిగుడ్డు. ఒకణ్ణి కుడి పక్కన, ఒకణ్ణి ఎడమ పక్కన వేసుకుని ఇద్దరికీ పాలిచ్చింది. ఆచారం ప్రకారం అన్నయ్యకు ఒక గిన్నె, అన్నం తినే ఒక జత పుల్లలు, ఒక లాగు ఇచ్చింది. వాడు బతికాడు. పెద్దయ్యాక బడిలో ఉపన్యాసాల పోటీలో గెలిచొస్తే, “నా పాలు కదా, నోరు లేవకేం చేస్తుంది?” అని వీధంతా వినిపించేలా అనేది. నేను ఆవిణ్ణి అత్తా అని పిలిచేదాన్ని.

జపాన్ సైన్యం ఊళ్ళోకి వచ్చినప్పుడు అన్నయ్యకు మీసం మొలుస్తోంది. చైనా యుద్ధానికి చందాలు పోగుచేశాడని మా నాన్నను పట్టుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు. మర్నాడు కొడుకు కోసం వచ్చారు. అప్పటికే అత్త అన్నయ్యను తన వంటింట్లోకి లాక్కుపోయి, మొహానికి సోయా పిప్పి పూసి, తిరగలి ముందు కూర్చోబెట్టింది. సైనికుడు అడిగితే, “ఇద్దరూ నా కడుపున పుట్టినవాళ్ళే. ఈ ఇంట్లోనే ఉంటారు” అంది. వాడు తుపాకి కత్తి ఆవిడ గొంతు మీద ఆనించి మళ్ళీ అడిగాడు. ఆవిడ మళ్ళీ అదే చెప్పింది. నేను గోడ సందులోంచి చూస్తూ లాగులో పోసుకున్నాను. ఆవిడ గొంతు కింద ఆ కత్తి గీసిన గీత చివరిదాకా పోలేదు.

యుద్ధం అయ్యాక మా తియోచూ సంఘం వాళ్ళు అన్నయ్యను లండన్ పంపి లా చదివించారు. వచ్చేటప్పటికి నడక మారింది, జుట్టు దువ్వడం మారింది. స్వీ హియాంగ్ గడపలో కాలు పెట్టగానే మాత్రం, “అమ్మా, జున్ను ఉందా?” అని పాత గొంతే. కోర్టులూ వ్యాపారాలూ ఎక్కువని సింగపూర్లో ఆఫీసు పెట్టుకున్నాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, మొదట్లో చాలా మంచి లాయరు. తోపుడు బళ్ళవాళ్ళను పోలీసులు తరిమితే పైసా తీసుకోకుండా వాదించేవాడు. చెమటోడుస్తూ రేవు కూలీల మీటింగుల్లో మాట్లాడేవాడు. చివరికి వాళ్ళే బలవంతపెట్టి సింగపూర్ అసెంబ్లీకి నిలబెట్టారు.

స్వీ హియాంగ్ కాయితాల సంగతి ఆ ఎన్నికల ముందే వచ్చింది. ఆవిడ చైనాలో పుట్టింది, ఏ దేశపు కాయితమూ లేదు. ఇటువైపు పౌరసత్వం కావాలంటే ఆఫీసరు ముందు నిలబడి మలయ్ భాషలో మాట్లాడాలి. మా కొట్లో కూర్చుని ఆ విషయమే మాట్లాడుకుంటున్నాం.

“నాకొచ్చిన మలయ్ మాటలు రెండు రకాలు నాయనా, ధర చెప్పేవీ, తిట్టేవీ. ఆ ఆఫీసరు ముందు ఏవి వాడమంటావు?” అందావిడ.

అందరం పడీ పడీ నవ్వాం. అన్నయ్య కూడా నవ్వి, “ఆ తిప్పలేం వద్దమ్మా. సింగపూర్లో రాయించుకో. అక్కడ భాష గొడవ లేదు, ప్రమాణం చేసి వేలిముద్ర వేస్తే అయిపోతుంది” అన్నాడు.

“నేనక్కడ ఉండటం లేదు కదరా?”

“మా ఇంట్లో ఉంటున్నావని రాద్దాం. రోజూ జున్ను డబ్బాలు పట్టుకుని బస్సెక్కి అటు రావట్లేదూ? ఇవాళో రేపో రెండూ ఒకే దేశం అయిపోతాయి. ఎటు రాయించుకుంటే ఏం పోయింది?”

లెంగ్ హువాట్ మొదటినుంచీ నెమ్మదస్తుడు. గ్లాసు కింద పెట్టి, “అన్నా, ఉండని ఇల్లు ఉంటున్నట్టు రాస్తే తప్పు కాదూ?” అన్నాడు.

“లాయర్ని నేనా నువ్వా?” అన్నాడు అన్నయ్య. మళ్ళీ అందరం నవ్వాం.

అలా ఆవిడ పేరు అన్నయ్య సింగపూర్ ఇంటి చిరునామా మీద ఎక్కింది. ఆ చిరునామాతోనే ఓటూ వచ్చింది. పోలింగు రోజున కొత్త నల్ల లాగు తొడుక్కుని, జుట్టుకు నూనె రాసుకుని, బస్సెక్కి వెళ్ళి కొడుక్కి ఓటేసి వచ్చింది. ఆ రోజుల్లో మా వీధిలో చాలామంది ఇదే పని చేశారు. ఇల్లు ఇటు, కాయితం అటు. మధ్యలో సముద్రపు పాయ మీద కట్ట ఉంది, దాని మీద బస్సు తిరుగుతోంది. ఆ కట్ట మీద ఎవరో నిలబడి నువ్వెవరని అడిగే రోజొస్తుందని మాకు తోచలేదు. తోచాల్సినవాడు అన్నయ్య. వాడు లా చదివాడు.

గెలిచాడు. అత్త వీధిలో అందరికీ జున్ను పంచింది. సింగపూర్ అసెంబ్లీలో వెనక వరసలో ఆ పదవీకాలమంతా కూర్చున్నాడు. తర్వాత రెండు దేశాలూ నిజంగానే మలేసియాగా ఒకటయ్యాయి. “చూశావా అమ్మా, నేను చెప్పలేదూ?” అని మా కొట్లో ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసి అన్నాడు. ఆ ఏడే అక్కడ ఓడిపోయాడు. ఓడినవాడికి అక్కడేం పనుంటుంది? మామగారికి జొహోర్ బారులో లా ఆఫీసు ఉంది. ఇటు వచ్చేసి, పార్టీ మార్చి, మరుసటి ఏడు మా ఊరి నుంచే పార్లమెంటుకు గెలిచాడు. పేపరువాళ్ళు రాసిన రెండు చట్టసభలు ఇవే.

ఆ తర్వాతి ఆగస్టులో సింగపూరును విడగొట్టేశారు. పార్లమెంటులో వద్దన్న ఓటు ఒక్కటి కూడా పడలేదు. అవునన్న ఓట్లలో మా అన్నయ్యది ఒకటి. పార్లమెంటున్న కౌలాలంపూర్ నుంచి వచ్చి వాడు మా కొట్లో కూర్చుంటే వీధి వీధంతా చుట్టూ మూగింది. అందరి మొహాల్లోనూ భయం. స్వీ హియాంగ్ మాత్రం జున్ను గిన్నె ముందు పెట్టి, “నా సంగతేంటి నాయనా?” అంది.

“నీకేం కాదమ్మా. కట్ట కట్టలాగే ఉంటుంది, బస్సు బస్సులాగే తిరుగుతుంది.”

“నువ్వు చెప్పావు కదా, ఇంకేం?” అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది. ఆ నమ్మకం తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు ఒళ్ళు మండుతుంది.

రెండేళ్ళకు కట్ట మీద పాస్‌పోర్టులు చూడటం మొదలుపెట్టారు. ఆ తర్వాత కాయితాలు చూస్తూ చూస్తూ ఇళ్ళదాకా వచ్చారు. ఆఫీసరు కుర్రాడు మర్యాదస్తుడే. అత్త ఇంటి హాల్లో నిలబడి ఆవిడ కాయితం తిరగేసి, “అవ్వా, మీరు సింగపూర్ మనిషి. ఇక్కడికి చుట్టపుచూపుగా రావచ్చు, కాపురం ఉండకూడదు” అన్నాడు.

“ఈ ఇంటికి చుట్టపుచూపుగా రావాలా? ఈ పొయ్యి నేనే వేసుకున్నాను బాబూ” అందావిడ.

గడువు మీద గడువు ఇచ్చారు. చివరికి అదీ ఆగిపోయింది. ఆ వయసులో ఆవిడ సింగపూర్ వెళ్ళి, ఒక పాత మేడలో గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండాల్సొచ్చింది. రాసిచ్చిన చిరునామా ఇంట్లో ఉందామంటే, అన్నయ్య ఆ ఇల్లు అప్పటికే అమ్ముకున్నాడు. లెంగ్ హువాట్‌కు ఇక్కడే జున్ను వ్యాపారం, ఇక్కడే పెళ్ళాం పిల్లలు. ఆదివారాలు వెళ్ళి చూసొచ్చేవాడు. వాడికి కుదరనప్పుడు నేను వెళ్ళేదాన్ని.

ఆ గదిలో ఆవిడకు కాళ్ళు నీరు పట్టాయి, ఆయాసం మొదలైంది. డాక్టరు పెదవి విరిచాడు. అప్పటినుంచి ఆవిడకు ఒకటే పట్టు. సొంత ఇంటి హాల్లో, కన్ఫూషియస్ కాలం నుంచీ పెద్దవాళ్ళందరూ పోయినట్టు, తన వాళ్ళ మధ్య ప్రాణం పోవాలి. మాలో బయట పోయిన మనిషి శవాన్ని గడప దాటించరు. ఎంత గొప్పవాళ్ళైనా సరే, వీధిలో డేరా వేసి అక్కడే ఉంచాలి. ఆవిడకు చావంటే భయం లేదు. ఆ గడప బయట పడుకోవడమంటే భయం.

“హువాట్‌కి చెప్పు, హాల్లో పలకల మంచం తుడిచి పెట్టమని,” అనేది నాతో. “తియాంగ్ చూన్ ఏదో ఒకటి చేస్తాడు. లాయరు కదా.”

ఏం చెయ్యాలో తెలియక కాదు. లెంగ్ హువాట్ వేరే లాయరు దగ్గరికి వెళ్ళి అడిగి తెలుసుకున్నాడు. ఆ చిరునామా తప్పు, ఆవిడ ఎప్పుడూ జొహోర్ బారులోనే కాపురం ఉంది, తెలియక వేలిముద్ర వేసింది అని ఆ ఇంటి యజమాని అఫిడవిట్ ఇస్తే, ఆవిణ్ణి ఇంటికి తెచ్చుకోవడానికి దారి ఉందట. ఆ యజమాని మా అన్నయ్య. లెంగ్ హువాట్ సరాసరి మా కొట్టుకొచ్చి అన్నయ్య ఎదుట కూర్చున్నాడు.

“ఒక్క సంతకం అన్నా.”

అన్నయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “నీకు అర్థం కావట్లేదు హువాట్. దొంగ చిరునామా నేనే ఇప్పించానని రాసిస్తే నా గౌను లాగేస్తారు. ఆ చిరునామా మీద ఓటు కూడా ఉంది. పేపర్లకెక్కితే ఇక్కడ సీటూ పోతుంది.”

“అమ్మ పోయేట్టుంది.”

“ఎన్నికలు అయిపోనీ. మే నెల ఎంతలో వస్తుంది? ఈలోగా పెద్దవాళ్ళతో మాట్లాడుతున్నాను. సంతకం లేకుండానే వేరే దారి చూస్తాను.”

“ఆ రోజే ఇది తప్పని నీకు నేను చెప్పాను. లాయర్ని నేనా నువ్వా అన్నావు.”

అన్నయ్య మొహం ఎర్రబడింది. లెంగ్ హువాట్ తాగని కాఫీ అలాగే వదిలేసి లేచిపోయాడు. వాడు అరిచి ఉంటే బాగుండేది. పార్టీవాళ్ళు బయట కారు హారన్ కొడుతుంటే అన్నయ్య చొక్కా సర్దుకుని వెళ్ళాడు.

ఒక ఆదివారం నేను పోరుపెట్టి అన్నయ్యను సింగపూర్ తీసుకెళ్ళాను. ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడదు. అన్నయ్యను చూడగానే మొహం ఇంత చేసుకుంది. “చిక్కిపోయావేంట్రా? ఎన్నికలంటగా, తిండి మానేసి తిరక్కు” అంది. నేను తెచ్చిన గంజి తాను తాగకుండా వాడి ముందుకు తోసింది.

అన్నయ్య ఆ గంజి గిన్నె పట్టుకుని ఏడవడం మొదలుపెట్టాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. “అమ్మా, నావల్లే. నీకు ఇదంతా నావల్లే” అన్నాడు.

“పోనీలేరా. ఇంటికి తీసుకెళ్ళు, అంతే. నాకింకేం వద్దు.”

“తీసుకెళ్తానమ్మా. ఎన్నికలు అవనీ.”

ఆవిడ వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది. తర్వాత సరేనన్నట్టు తలూపి వాడి కన్నీళ్ళు తన చొక్కా అంచుతో తుడిచింది. నేను కిటికీ వైపు తిరిగిపోయాను. ఆ గదిలో ఊపిరి ఆడనిది ఆవిడకొక్కదానికే కాదు.

తిరుగు ప్రయాణంలో కట్ట మీద కార్లన్నీ ఆగిపోయాయి. అన్నయ్య స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

“సిగ్గుగా ఉంది గెక్ ఎంగ్. అద్దంలో మొహం చూసుకోలేకపోతున్నాను.”

“చూసుకోకు. సంతకం పెట్టు.”

“నా పిల్లలు చదువుకుంటున్నారు. నా పేరు మీద ఆఫీసులో పదిమంది బతుకుతున్నారు. నేను జైలుకెళ్తే?”

“ఆవిడ గొంతు మీద కత్తి పెట్టినప్పుడు ఆవిడ పక్కన కూడా ఒక కొడుకున్నాడు” అన్నాను. “ఆవిడ నీ కోసం అబద్ధం చెప్పింది. నిన్ను నిజం చెప్పమంటున్నాం, అంతే కదా? నీ గొంతు మీద ఏం కత్తి ఉంది? గౌనా? ఛీ!”

అన్నయ్య నన్ను కొట్టి ఉన్నా సహించేదాన్ని. తల ఎత్తకుండా, “నువ్వన్నది నిజమే” అన్నాడు. నిజమేనని ఒప్పుకుని కూడా కదలనివాణ్ణి ఏం చేయగలం? ముందు కారు కదిలింది. మా పాస్‌పోర్టుల మీద ముద్ర వేసి పంపించేశారు. అన్నయ్యను చూసి గేటు దగ్గర ఆఫీసరు సెల్యూట్ కూడా కొట్టాడు.

పోలింగుకు ఇంకా కొద్ది వారాలు ఉన్నాయనగా స్వీ హియాంగ్ పోయింది. పొద్దున పాలవాడు తలుపు కొడితే తియ్యలేదట. గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఉందన్నారు. లెంగ్ హువాట్ అటు వెళ్ళి, ఆఫీసులన్నీ తిరిగి, శవానికి కాయితాలు చేయించుకుని, పెట్టె లారీ మీద వేసుకుని కట్ట దాటించాడు. బతికి ఉండగా ఆపినవాళ్ళు ఆ రోజు తొందరగానే వదిలారట.

వీధిలో డేరా వేశారు. పెట్టె సరిగ్గా ఆవిడ ఇంటి ముందు పెట్టారు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల హాల్లో తుడిచిపెట్టిన పలకల మంచం బయటికి కనిపిస్తోంది. మధ్యలో గడప ఒక్కటే. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ ముందు పెట్టెకేసి చూసి, తర్వాత ఆ మంచంకేసి చూసి, తల దించుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళ ఏడుపు వినలేక నేను మా కొట్లోకి వెళ్ళి టీ కలుపుతూ కూర్చున్నాను. వచ్చేవాళ్ళందరికీ టీలు, వేరుశెనక్కాయలు మా కొట్టు నుంచే.

రెండో రోజు సాయంత్రం అన్నయ్య వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. వెనక ఇద్దరు పార్టీవాళ్ళు, పూల చక్రం మోసుకుంటూ ఇంకొకడు. ఆ ముందు రోజు నుంచీ అన్నం ముట్టలేదని మా వదిన చెప్పింది. చూస్తే నిజమేననిపించింది, మొహం పీక్కుపోయింది. డేరాలో ఉన్నవాళ్ళందరూ వాడికి ఓటెయ్యాల్సినవాళ్ళే.

అన్నయ్య పూల చక్రం సంగతి మరిచిపోయి నేరుగా పెట్టె దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద పడ్డాడు. నేలకు తల ఆనించి చాలాసేపు లేవలేదు. లేచాక లెంగ్ హువాట్ ముందు నిలబడి, “తమ్ముడూ, నాకూ గోనె ఇవ్వు” అన్నాడు.

మాలో తల్లి పోతే కొడుకులు గోనెగుడ్డ తొడుక్కుంటారు. మొక్కుకొడుక్కీ ఆ హక్కు ఉంది. సంఘం పెద్దలకు లోలోపల సంతోషమే. పార్లమెంటు మెంబరు గోనె కట్టుకుని పెట్టె వెనక నడిస్తే చచ్చిన మనిషికి ఎంత గౌరవం! ఒక పెద్దాయన అప్పుడే గుడ్డ మడత విప్పుతున్నాడు.

లెంగ్ హువాట్ చెయ్యి అడ్డం పెట్టాడు. గొంతు పెంచలేదు కానీ అందరికీ వినపడింది.

“ఇస్తాను అన్నా. ఎందుకివ్వను? అమ్మ నీకూ పాలిచ్చింది. ఒక్క మాట చెప్పి తొడుక్కో. మా అమ్మ కాపురం ఎక్కడుండేది? ఈ ఇంట్లోనా, సింగపూర్లో మీ ఇంట్లోనా? ఇంతమంది ఉన్నారు, చెప్పు.”

నేను టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని డేరా అంచున నిలబడిపోయాను. చెప్పరా, చెప్పు, అని నా పెదాలు ఆడుతున్నాయి. ‘ఈ ఇంట్లో’ అనాలి, అంతే. ఆవిడ లోపలికి పోయేది లేదు, తిరిగొచ్చేది లేదు. అయినా ఆ ఒక్క మాట ఆవిడ పెట్టె ముందు వాడి నోట వినాలని వీధంతా ఊపిరి బిగబట్టింది. అన్నయ్య నోరు తెరిచాడు. అప్పుడు పార్టీవాళ్ళలో ఒకడు వెనక నుంచి చిన్నగా దగ్గాడు.

అన్నయ్య నోరు మూసుకున్నాడు.

అంత సిగ్గు నేను మళ్ళీ జన్మలో ఎరగను. మా అమ్మానాన్నలు ఆ రోజు బతికి లేనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

లెంగ్ హువాట్ ఇంకోసారి అడగలేదు. పక్కన బల్ల మీద, పరామర్శకు వచ్చి వెళ్ళే బయటివాళ్ళకు చెడు తగలకుండా ఇచ్చే ఎర్ర దారాలు, చక్కెర బిళ్ళలు కుప్పగా ఉన్నాయి. అందులోంచి ఒక దారం, ఒక బిళ్ళ తీసి, రెండు చేతులతో పట్టుకుని అన్నయ్యకు వంగి ఇచ్చాడు.

“పనులు మానుకుని వచ్చారు, చాలా సంతోషం లాయరు గారూ. ఇంటికి జాగ్రత్తగా వెళ్ళండి.”

పుట్టిన దగ్గర్నుంచీ వాణ్ణి అన్నా అని తప్ప ఇంకో మాటతో పిలవని మనిషి ఆ మాట అన్నాడు. మా అన్నయ్య చుట్టూ ఒకసారి చూసి, చెయ్యి చాపి, ఆ దారం తీసుకున్నాడు.